కాడిలాక్: ఒకేలా ఉండటం వల్ల వచ్చిన పేరు, ఒకేలా ఉండటం వల్ల పోయిన పేరు

అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్య బీమా సంస్కరణ చట్టంలో, బాగా ఖరీదైన బీమా పథకాల మీద 40 శాతం ఎక్సైజు పన్ను విధించే నిబంధన ఒకటి ఉండేది. పత్రికలూ, రాజకీయ నాయకులూ, సామాన్య జనమూ దాన్ని ‘కాడిలాక్ పన్ను’ అని పిలిచేవారు. ఆ పన్ను ఏనాడూ అమల్లోకి రాలేదు. 2019 డిసెంబరులో దాన్ని రద్దు చేశారు. అయితే ఆ పేరులో ఒక వింత ఉంది. 2010 నాటికి డబ్బున్న అమెరికన్ ఖరీదైన కారు కొందామనుకుంటే ముందుగా తలచుకునేది లెక్సస్‌నో, బీఎండబ్ల్యూనో, మెర్సిడెస్‌నో తప్ప కాడిలాక్‌ను కాదు. అయినా ‘ఉన్నవాటిలో మేలైనది, ఖరీదైనది’ అని ఒక్క మాటలో చెప్పవలసి వచ్చినప్పుడు అమెరికన్ల నోట వచ్చింది కాడిలాక్ మాటే. ఏ రకం సరుకులోనైనా ఉత్తమమైనదాన్ని ‘ఆ సరుకులో కాడిలాక్’ అనడం అక్కడ పాతుకుపోయిన నుడికారం. కారు పరువు తగ్గిన తరువాత కూడా కారు పేరు పరువుగానే మిగిలింది.

దీన్ని గురించి సాధారణంగా చెప్పే కథ చాలా సూటిగా ఉంటుంది. ఒకప్పుడు గొప్ప కార్లు చేసిన కంపెనీ, బాగా బతికిన ఇంటివారిలాగా అశ్రద్ధలో పడింది, జర్మన్లూ జపానువారూ వచ్చి దాని అన్నం లాక్కున్నారు అని. అందులో అబద్ధం లేదు గానీ, అసలు ముడి దానితో విడిపోదు. కాడిలాక్‌కు లోకప్రఖ్యాతి తెచ్చిన గుణమూ, దాన్ని నవ్వులపాలు చేసిన గుణమూ ఒకటే. ఒక కారు భాగం మరో కారుకు అతికినట్టు సరిపోవడం 1908లో ఆ కంపెనీకి కిరీటమైంది. సుమారు 75 ఏళ్ల తరువాత అదే దానికి మచ్చ అయింది. మధ్యలో ఏం మారిందన్నదే తేల్చుకోవలసిన విషయం.

ముందుగా పేరు సంగతి. 1701లో డెట్రాయిట్‌కు పునాది వేసిన ఫ్రెంచి అధికారి అసలు పేరు ఆంత్వాన్ లొమె. ఆయన ఉత్తర అమెరికాకు వచ్చాక తనకు లేని ప్రభువంశాన్ని కల్పించుకుని ‘ద లా మోత్ కాడిలాక్’ అని పేరు మార్చుకున్నాడు, దానికి తగ్గట్టు ఒక వంశచిహ్నాన్నీ సమకూర్చుకున్నాడు. 1902లో డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ పెట్టినవారు ఊరి స్థాపకుడన్న గౌరవంతో ఆ పేరును తీసుకున్నారు, ఆ చిహ్నాన్నీ తమదిగా చేసుకున్నారు. అంటే శతాబ్దానికి పైగా బానెట్ల మీద మెరిసిన ఆ రాజముద్ర ఒక సామాన్యుడు తన కోసం తానే అల్లుకున్నది. హోదాను అమ్మే సరుకుకు ఇంతకన్నా తగిన పేరు దొరకదని ఎవరైనా వెక్కిరిస్తే కాదనలేం.

కంపెనీ పుట్టుక కూడా విచిత్రమే. హెన్రీ ఫోర్డ్ పెట్టిన రెండో కార్ల కంపెనీలో పెట్టుబడిదారులతో ఆయనకు పొసగక 1902లో బయటికి వెళ్లిపోయారు. మిగిలిన యంత్రాలను అమ్మి అప్పులు తీర్చుకుందామని, వాటికి వెల కట్టడానికి పెట్టుబడిదారులు హెన్రీ లీలాండ్ అనే పెద్దమనిషిని పిలిచారు. 1843లో పుట్టిన లీలాండ్ తుపాకుల కర్మాగారాల్లోనూ, కచ్చితమైన కొలత పరికరాలు చేసే బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీలోనూ చెయ్యి తిరిగినవారు. అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా భాగాన్ని పక్కన పారేయడం ఆయన పెరిగిన లోకపు అలవాటు. ఆయన వెల కట్టే పని వదిలేసి, తన దగ్గర సిద్ధంగా ఉన్న ఒక సిలిండర్ ఇంజనును చూపించి, కంపెనీ మూసేయవద్దని వారిని ఒప్పించారు. 1903 జనవరిలో న్యూయార్క్ ప్రదర్శనలో పెట్టిన ఆ చిన్న కారుకు రెండు వేలకు పైగా ఆర్డర్లు వచ్చాయి. గమనించవలసింది ఏమిటంటే అది విలాసవంతమైన కారు కాదు. ధర 750 డాలర్ల స్థాయిలో ఉన్న మామూలు బండి. కాడిలాక్ పేరు మొదట నిలబడింది విలాసం మీద కాదు, కొలత మీద.

ఆ కొలతకు లోకం ముందు పరీక్ష జరిగింది 1908లో, లండన్‌కు దగ్గరలోని బ్రూక్‌లాండ్స్ రేసు మైదానంలో. అప్పటి కార్ల తయారీ పద్ధతి తెలిస్తే తప్ప ఆ పరీక్ష గొప్పతనం అర్థం కాదు. ఐరోపాలో పేరున్న కార్లన్నీ పనివాళ్లు ఆకురాయితో ఒక్కో భాగాన్నీ అరగదీసి, పక్క భాగానికి సరిపోయేదాకా సరిచేసి బిగించినవే. అలాంటి కారుకు ఒక భాగం విరిగితే, అదే కంపెనీ చేసిన మరో కారు భాగం తెచ్చి పెట్టినా కూర్చోదు. మళ్లీ చేతిపని తప్పదు. బ్రిటన్‌లో కాడిలాక్ అమ్మే ఫ్రెడరిక్ బెనెట్ తన దగ్గరున్న మూడు కార్లను రాయల్ ఆటోమొబైల్ క్లబ్ చేతుల్లో పెట్టి, ఏం చేస్తారో చేయండన్నారు. క్లబ్ పర్యవేక్షణలో మెకానిక్కులు మూడు కార్లనూ నట్టుతో సహా విప్పేసి, భాగాలన్నీ ఒకే కుప్పగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసి పక్కన పెట్టి, వాటి బదులు బెనెట్ దుకాణంలోని స్పేర్ పార్టులను కలిపారు. ఆకురాయి ముట్టుకోకుండా, మామూలు స్పానర్లూ స్క్రూడ్రైవర్లతోనే మూడు కార్లను మళ్లీ బిగించి, ఆ మైదానం మీద 500 మైళ్లు నడిపారు. మూడూ నడిచాయి.

అందుకు ఆ క్లబ్ ఇచ్చిన డ్యూయర్ ట్రోఫీ ఒక అమెరికన్ కారుకు దక్కడం అదే మొదలు. కాడిలాక్ ఆ తరువాత తన ప్రకటనల మీద ‘లోకానికే ప్రమాణం’ అనే అర్థం వచ్చే నినాదాన్ని రాసుకుంది. మన భాషలో ప్రమాణం అన్న మాటకు కొలత అనీ, ఒట్టు అనీ రెండర్థాలు ఉన్నాయి. ఆ నినాదానికి రెండూ వర్తిస్తాయి. నీ కారులో పాడైన భాగం స్థానంలో వచ్చే కొత్త భాగం పాతదాని అచ్చు అని కంపెనీ ఒట్టు పెట్టుకుంటోంది, ఆ ఒట్టును కొలతతో నిలబెట్టుకుంటోంది.

1909లో జనరల్ మోటార్స్ ఆ కంపెనీని కొనేసింది, లీలాండ్ మాత్రం నడిపించడానికి మిగిలారు. ఆ కాలంలో వచ్చిన మరో మార్పు మన ఇళ్లలో మాట దాకా వచ్చింది. కారు ముందర వంగి, ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పి ఇంజను లేపే రోజుల్లో, అది వెనక్కి తన్నితే చేతులు విరిగేవి, ఒక్కోసారి ప్రాణాలూ పోయేవి. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు అంతకు ముందు దుకాణాల క్యాష్ రిజిస్టర్లకు విద్యుత్తు మోటారు బిగించిన మనిషి. మోటారు నిరంతరం తిరగనవసరం లేనప్పుడు, కొన్ని క్షణాలపాటు దాని శక్తికి మించిన పని చేయించవచ్చని అక్కడ ఆయన తెలుసుకున్నారు. అదే ఉపాయంతో ఆయన చేసిన విద్యుత్ సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్‌లో వచ్చి, ఆ కంపెనీకి రెండో డ్యూయర్ ట్రోఫీ తెచ్చిపెట్టింది. ఈనాటికీ తెలుగువాళ్లం బండి ‘సెల్ఫ్ కొట్టడం’, ‘సెల్ఫ్ అందుకోవడం లేదు, తోయాలి’ అంటున్నామంటే ఆ మాట తాలూకు మూలం అక్కడుంది. హ్యాండిల్ బాధ తప్పడంతో, బలంతో పని లేకుండా ఆడవాళ్లూ ముసలివాళ్లూ సొంతంగా కారు తీయగలిగారు. గేరు మార్చినప్పుడల్లా పళ్లు రాసుకుని గరగరలాడే ఇబ్బందిని తగ్గించిన సింక్రోమెష్ కూడా 1920ల చివర మొదట కాడిలాక్‌లోనే వచ్చింది.

1914లో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజనుతో కొత్త కారు విడుదల చేసినప్పుడు తొలి బండ్లలో కొన్ని ఇబ్బందులు తలెత్తాయి, పోటీదారు పాకార్డ్ వర్గం వాటిని బాగా ప్రచారం చేసింది. దానికి జవాబుగా 1915 జనవరి 2న ఒక వారపత్రికలో కాడిలాక్ ఇచ్చిన ప్రకటన వ్యాపార ప్రకటనల చరిత్రలో నిలిచిపోయింది. థియోడోర్ మాక్‌మానస్ రాసిన ఆ ప్రకటనలో కారు బొమ్మ లేదు, ఇంజను గురించి ఒక్క ముక్క లేదు. ముందు నడిచేవాడు అసూయను భరించక తప్పదని, పద్ధతైన ఒక చిన్న వ్యాసం మాత్రమే ఉంది. నాకు ఇక్కడే కథ మలుపు తిరిగిందనిపిస్తుంది. ఏడేళ్ల కిందట భాగాలు విప్పి చూపించి నమ్మించిన కంపెనీ, ఇప్పుడు భాగాల ఊసే ఎత్తకుండా హోదాతో నమ్మించగలనని తెలుసుకుంది.

1917లో లీలాండ్ బయటికి వెళ్లిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధానికి విమానాల ఇంజన్లు చేయాలని ఆయన, వద్దని జనరల్ మోటార్స్ అధినేత విలియం డ్యురాంట్ పట్టుబట్టడంతో విడిపోయి, తాను మొదటిసారి ఓటు వేసిన అధ్యక్షుడి పేరు మీద లింకన్ అనే కంపెనీ పెట్టారు. అది దివాలా తీస్తే 1922లో కొన్నది హెన్రీ ఫోర్డే. అమెరికా విలాస కార్లలో పెద్ద పేర్లు రెండూ ఆ ఒక్క ముసలాయన చేతి చలువే అన్నమాట.

తరువాతి కాలపు కాడిలాక్‌ను అర్థం చేసుకోవాలంటే 1920లలో ఆల్ఫ్రెడ్ స్లోన్ జనరల్ మోటార్స్‌లో కట్టిన నిచ్చెనను చూడాలి. అట్టడుగు మెట్టు షెవ్రొలే, ఆ పైన పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్, చివరి మెట్టు కాడిలాక్. కుర్రవాడు ఉద్యోగంలో చేరి షెవ్రొలే కొంటాడు, జీతం పెరిగినకొద్దీ మెట్లెక్కుతాడు, రిటైరయ్యే వేళకు కాడిలాక్ తలుపు తీస్తాడు. ఈ ఏర్పాటు నడవాలంటే రెండు పరస్పర విరుద్ధమైన పనులు ఒకేసారి జరగాలి. ఖర్చు తగ్గించడానికి లోపలి భాగాలను అన్ని మెట్లూ పంచుకోవాలి. డబ్బు ఎక్కువ రాబట్టడానికి బయటికి ఏ మెట్టుకు ఆ మెట్టు వేరుగా కనబడాలి. అలా వేరుగా కనబరచడానికే హార్లీ ఎర్ల్ అనే రూపశిల్పిని తెచ్చి, రూపకల్పనకు ప్రత్యేకంగా ఒక విభాగాన్ని పెట్టారు. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన చిన్న సంగతి ఒకటుంది. 1927లో కాడిలాక్ తక్కువ ధరలో ఒక కారు అమ్మదలచినప్పుడు దానికి తన పేరు పెట్టలేదు. లాసాల్ అనే వేరే పేరు పెట్టింది. పేరును పలచన చేస్తే ఏమవుతుందో ఆనాటి యాజమాన్యానికి తెలుసు.

పాకార్డ్‌కు తెలియలేదు, లేదా తెలిసినా వేరే దారి లేకపోయింది. మహామాంద్యంలో అమ్మకాలు కుప్పకూలాక, 1935లో మధ్యతరగతికి అందే ధరకు పాకార్డ్ పేరుతోనే ఒక మోడల్ వచ్చింది. ఆ పూటకు కంపెనీ గట్టెక్కింది. అయితే కోటీశ్వరుడు, గుమాస్తా కూడా అదే పేరున్న కారు నడుపుతుంటే తనకెందుకని పక్కకు చూడటం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధానంతరం ఆ వర్గమంతా కాడిలాక్ వాకిట్లోకి వచ్చింది, 1958తో పాకార్డ్ పేరు అంతరించింది.

మహామాంద్యం కాడిలాక్‌నూ వదల్లేదు. 1930 జనవరిలో విడుదల చేసిన 16 సిలిండర్ల మహారాజ కారు 11 ఏళ్లలో నాలుగు వేల పైచిలుకు మాత్రమే అమ్ముడుపోయింది. కాడిలాక్‌ను మూసేద్దామా అని పెద్దలు ఆలోచిస్తున్న 1930ల తొలినాళ్లలో దాన్ని కాపాడినవాడు, సర్వీసు విభాగం చూసే నికొలస్ డ్రేస్టాట్. ఆ సంగతిని మేనేజ్‌మెంట్ పండితుడు పీటర్ డ్రకర్ తన జ్ఞాపకాల్లో రాశారు. కాడిలాక్ కార్లను నల్లజాతివారికి అమ్మకూడదన్నది అప్పటి కంపెనీ విధానం. అయినా సర్వీసుకు వచ్చే బండ్ల యజమానుల్లో నల్లజాతి వ్యాపారులూ, వైద్యులూ, బాక్సర్లూ, గాయకులూ కనబడుతున్నారని డ్రేస్టాట్ గమనించాడు. వాళ్లు తెల్లవాడెవరికో డబ్బిచ్చి అతడి పేరు మీద కొనుక్కుంటున్నారు. మంచి పేటలో ఇల్లు కొననివ్వని, మంచి హోటల్లో గది ఇవ్వని దేశంలో, డబ్బు పెట్టి కొనుక్కోగల గౌరవం వాళ్లకు ఆ కారొక్కటే. ఆ దళారికిచ్చే సొమ్మేదో మనకే వస్తుంది కదా, అమ్ముదామని డ్రేస్టాట్ వాదించి గెలిచాడు. న్యాయం కోసం కాదు, లాభం కోసమే ఆ తలుపు తెరుచుకుంది; అయినా తెరుచుకుంది, కంపెనీ నిలబడింది.

ఈ ఘట్టాన్ని కాడిలాక్ చరిత్రలో ఒక పిట్టకథగా చెప్పి వదిలేస్తుంటారు. నా లెక్కలో అది ఇంకాస్త పెద్దది. నల్లజాతి పాఠకుల కోసం నడిచిన ఎబొనీ పత్రిక 1949లో, తమవాళ్లు కాడిలాక్ ఎందుకు కొంటారో వివరిస్తూ సంపాదకీయమే రాసింది. ఎల్విస్ ప్రెస్లీ వంటి పేదింటి దక్షిణాది కుర్రవాడు డబ్బు రాగానే గులాబీ రంగు కాడిలాక్ సిద్ధం చేసుకున్నాడు. అదే కారు 1970లకు వచ్చేసరికి, ప్రభుత్వ సంక్షేమ సాయం దోచుకుని కాడిలాక్‌లో తిరిగే మహిళ అనే రాజకీయ దెప్పిపొడుపులో నిందకు గుర్తుగా మారింది. బ్యాంకరు వాకిట్లో నిలిస్తే పరువు, మరొకరి వాకిట్లో నిలిస్తే ఆరా. కారు మారలేదు, వాకిలి మారింది.

యుద్ధం తరువాత పదిహేనేళ్లు కాడిలాక్‌కు నిండు పున్నమి. పి-38 యుద్ధ విమానం తోకను చూసి ముచ్చటపడిన హార్లీ ఎర్ల్ బృందం, 1948 మోడల్ వెనుక రెండు చిన్న రెక్కలు మొలిపించింది. మరుసటి ఏడు వచ్చిన కొత్త వి-8 ఇంజను నిజంగా మేలైనది. బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ క్రీడాకారుడు 1950లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందేనికి రెండు కాడిలాక్‌లు తీసుకెళితే, అవి పదీ, పదకొండు స్థానాల్లో ముగించాయి. అదే ఏడు ఉత్పత్తి మొదటిసారి లక్ష దాటింది. వెనుక రెక్కలు ఏటేటా పెరిగాయి. 1957లో క్రైస్లర్ కార్ల రెక్కలు తమవాటిని మించిపోయాయని కంగారుపడ్డ జనరల్ మోటార్స్ రూపశిల్పులు, 1959 కాడిలాక్‌కు ఇంతకుముందూ ఆ తరువాతా ఎవరూ పెట్టనంత ఎత్తు రెక్కలు పెట్టి, వాటిలో తూటాల్లాంటి రెండేసి ఎర్ర దీపాలు గుచ్చారు. ఆ రెక్కల వల్ల కారుకు ఒరిగిందేమీ లేదు. అయినా ఆ అనవసరాన్ని అంత ధీమాగా చేసిన కారు మరొకటి లేదు. 1974లో కొందరు కళాకారులు టెక్సస్‌లోని అమరిల్లో అనే ఊరి బయట పొలంలో పది పాత కాడిలాక్‌లను ముక్కు నేలలోకి పాతి, రెక్కలు ఆకాశం కేసి ఉండేలా వరుసగా నిలబెట్టారు. రెక్కలు పుట్టి, పెరిగి, తరిగిన క్రమమంతా ఆ వరుసలో కనబడుతుంది.

1973లో ఉత్పత్తి 3 లక్షలు దాటింది. గొప్ప విజయమే, అయితే ఏటా మూడు లక్షల మంది కొనే వస్తువు అరుదైనది ఎలా అవుతుంది? ఆ ఏడాదే చమురు సంక్షోభం వచ్చింది. 8.2 లీటర్ల ఇంజనుతో ఓడలాంటి కారు అమ్మే కంపెనీకి అది పిడుగుపాటు. 1975లో చేసిన ఇంధన చట్టం ప్రకారం, ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ 1978లో గాలనుకు 18 మైళ్లతో మొదలై 1985కు 27.5 మైళ్లకు చేరాలి. ఈ కారణాన్ని పక్కన పెట్టి, ఆ తరువాతి కాడిలాక్‌లను తెలివితక్కువ పనులుగా మాత్రమే చూపించడం అన్యాయం. మెర్సిడెస్‌కు పోటీగా 1975లో వచ్చిన చిన్న సెవిల్, షెవ్రొలే నోవా కారు పునాది నుంచి పుట్టిందే. అయినా ఇంజనీర్లు దాన్ని మొత్తం తిరగరాశారు, పెద్ద కాడిలాక్‌ల కన్నా ఎక్కువ ధర పెట్టారు, జనం ఆ ధర ఇచ్చి కొన్నారు. అంటే పంచుకోవడం తప్పు కాదు, చిన్నగా ఉండటమూ తప్పు కాదు.

తప్పు అక్కడి నుంచి మొదలైంది. మైలేజీ కోసం పెట్టిన డీజిల్ ఇంజను ఓల్డ్స్‌మొబైల్ పెట్రోలు ఇంజను తీరునే పోలినది. డీజిల్‌లో ఒత్తిడి రెండింతలకు మించి ఉంటుంది. హెడ్డును పట్టి ఉంచే బోల్టుల సంఖ్య మాత్రం పెట్రోలు ఇంజనులో ఉన్నంతే. బోల్టులు సాగి, గాస్కెట్లు పోయి ఇంజన్లు చెడిపోయాయి. 1981లో, అవసరాన్ని బట్టి ఎనిమిది సిలిండర్లలో రెండో నాలుగో తమంతట తాము నిద్రపోయే ఇంజను వచ్చింది. ఆలోచన ఎంత మంచిదంటే, పాతికేళ్ల తరువాత అదే పద్ధతి ఎన్నో కార్లలో నిక్షేపంగా పనిచేసింది. 1981 నాటి కంప్యూటరుకు మాత్రం ఆ వేగం లేదు. కారు కుదుపులు పడుతోందని కొన్నవాళ్లు వస్తే, మెకానిక్కులు ఒక తీగ పీకేసి ఎప్పటికీ ఎనిమిదీ నడిచేలా చేసి పంపారు. 1982లో వచ్చిన అల్యూమినియం ఇంజను కూడా అరకొర పరీక్షలతో బయటికొచ్చిందే.

ఆ ఏడాదికే చెందిన సిమరాన్ దగ్గర కాసేపు ఆగాలి. బీఎండబ్ల్యూ చిన్న కార్ల వైపు వెళ్తున్న యువకులను ఆపడానికి డీలర్లు తొందరపెడితే, షెవ్రొలే కావలియర్ అనే చవక కారుకు తోలు సీట్లూ, కాస్త మెరుపూ అద్ది ఆగమేఘాల మీద తెచ్చిన కారు అది. 88 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల ఇంజను. ధర సుమారు 12 వేల డాలర్లు. ఆ కారును కాడిలాక్‌గా మలచడానికి సమయం చాలదని జనరల్ మోటార్స్ ప్రెసిడెంటు పీట్ ఎస్టిస్ స్వయంగా కాడిలాక్ అధిపతిని హెచ్చరించారు, ఆయన వినలేదు. వాళ్లకే ధైర్యం చాలలేదనడానికి గుర్తుగా, మొదట్లో దాన్ని ‘కాడిలాక్ సిమరాన్’ అనకుండా ‘సిమరాన్, కాడిలాక్ వారిది’ అనే తీరున ప్రచారం చేశారు. 1927లో లాసాల్‌కు వేరే పేరు పెట్టిన కంపెనీ, 1982లో పేరు పెట్టీ పెట్టనట్టు నసిగింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మనవాళ్లు అనేది ఇలాంటి సందర్భానికే.

1984లో ఛైర్మన్ రోజర్ స్మిత్ జనరల్ మోటార్స్‌ను పునర్వ్యవస్థీకరించి, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్‌లను ఒకే గొడుగు కిందికి చేర్చారు. 1985లో వచ్చిన కుదించిన కార్లలో మూడు కంపెనీల బండ్లూ కవల పిల్లల్లా తయారయ్యాయి. పెట్రోలు ధర ఆకాశానికి అంటుతుందన్న అంచనాతో వాటిని చేశారు, అవి షోరూములకు వచ్చేసరికి ధర నేలకు దిగింది. ఇదే అదనుగా లింకన్ ఒక టీవీ ప్రకటన తీసింది. ఖరీదైన హోటలు ముందు కారు తెచ్చిపెట్టే కుర్రవాడు ఒక్కొక్క బండే తెస్తుంటే, అది తన కాడిలాకో, పక్కవాడి బ్యూయికో తెలియక యజమానులు తికమకపడతారు. ఎవరిదో తేలిగ్గా తెలిసే లింకన్ ఒక్కటే. బ్రూక్‌లాండ్స్‌లో తేడా కనబడకపోవడం చూసి చప్పట్లు కొట్టారు, ఇక్కడ దానికే నవ్వారు. 1986లో ఎల్డొరాడో అనే కాడిలాక్ మోడల్‌ను కుదిస్తే, దాని ఉత్పత్తి ఒక్క ఏడాదిలో సుమారు 76 వేల నుంచి 21 వేలకు పడిపోయింది.

పోయిన పరువును డబ్బుతో కొనే ప్రయత్నాలూ జరిగాయి. 1987 మోడల్ ‘అలాంటే’ అనే కారు బాడీలను ఇటలీలోని టురిన్‌లో పినిన్‌ఫరీనా కంపెనీ చేత చేయించి, ఒక్కో జంబో విమానంలో 56 చొప్పున డెట్రాయిట్‌కు మోసుకొచ్చారు. 1990లో నాణ్యతకు దేశంలోనే పెద్దదైన బాల్డ్రిజ్ పురస్కారం కాడిలాక్‌కు దక్కింది. లెక్సస్ అమెరికాలో అడుగుపెట్టిన మరుసటి ఏడు అది. ఇంతకన్నా ఇబ్బందికరమైన ఘట్టం 1998 చివర జరిగింది. అమ్మకాల్లో లింకన్ తమను దాటిపోతోందని భయపడి, ఆఖరుకు 222 కార్ల తేడాతో గెలిచామని కాడిలాక్ ప్రకటించింది. కొన్ని నెలలకే జనరల్ మోటార్స్, ఆ లెక్కలో 4,773 కార్లు ఎక్కువ చూపించారని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వెయ్యో వంతు అంగుళం దగ్గర మొదలైన కంపెనీ వేల కార్ల దగ్గర తప్పు కొలిచింది.

ఆ రోజుల్లోనే ముడి బిగుసుకునే చోటు కూడా ఉంది. లింకన్ పెద్ద ఎస్‌యూవీకి జవాబుగా హడావుడిగా తెచ్చిన ఎస్కలేడ్, జనరల్ మోటార్స్ వారిదే అయిన జీఎంసీ యూకాన్ డెనాలీ ఎస్‌యూవీకి ముసుగు వేసిందే. లెక్క ప్రకారం అది రెండో సిమరాన్ కావాలి. తీరా చూస్తే అది అమ్ముడుపోయింది, 2002 మోడల్‌గా వచ్చిన రెండో తరం మరీ అమ్ముడుపోయింది. హిప్‌హాప్ గాయకులూ, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కంపెనీ తొలుత ఊహించిన ఖాతాదారు వాళ్లు కాదు. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ రోజున కాడిలాక్ అంటే రెక్కల కారు కాదు, ఎస్కలేడే. ఎందుకీ తేడా? సిమరాన్ కింద ఉన్న కావలియర్ ఎవరూ కలగనే కారు కాదు. ఎస్కలేడ్ కింద ఉన్న ట్రక్కు, దాని పరిమాణం, ఇంజను, బలం, అన్నీ కొనేవాళ్లు నిజంగా కోరుకున్నవే. పెద్దదిగా, ధీమాగా, కాస్త అతిగా ఉండటం కాడిలాక్ పేరుకు జనం మనసులో ఉన్న అర్థం. ఎస్కలేడ్ ఆ అర్థానికి సరిపోయింది. పంచుకున్న భాగాలను కొనేవాడు క్షమిస్తాడు. ఆడీ, ఫోక్స్‌వాగన్‌తో ఎన్నో పంచుకుంటుంది, లెక్సస్ కొన్ని మోడళ్లు టయోటాతో పంచుకుంటాయి. పేరు ఇచ్చిన మాటకు లోపలి సరుకు తక్కువైతే మాత్రం క్షమించడు.

ఇంజనీర్ల వైపు నుంచీ కాడిలాక్ తేరుకుంది. 2002లో వచ్చిన సీటీఎస్, జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ రేసు మైదానం మీద పదును పెట్టిన కారు. దాని శక్తిమంతమైన రెండో తరం ‘వి’ రకం 2008లో ఆ మైదానాన్ని 8 నిమిషాలలోపే చుట్టి, సెడాన్లలో రికార్డు నెలకొల్పింది. పత్రికలు మెచ్చుకున్నాయి, జనం మాత్రం బీఎండబ్ల్యూయే కొన్నారు. ఒకసారి పోయిన నమ్మకం ల్యాప్ టైముతో తిరిగి రాదు. 2009 దివాలాలో పాంటియాక్, సాటర్న్ వంటి పేర్లను వదిలించుకున్న జనరల్ మోటార్స్, కాడిలాక్‌ను అట్టిపెట్టుకుంది. 2015లో ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్‌కు మార్చి చూశారు. కొన్నేళ్లకే డెట్రాయిట్ ప్రాంతానికి తిరిగొచ్చారు. 2017లో చైనాలో అమ్మిన కాడిలాక్‌లు అమెరికాలో అమ్మినవాటిని మించాయి. సిమరాన్ ఎవరికీ గుర్తులేని చోట పేరు సులువుగా నిలబడటంలో ఆశ్చర్యం లేదు.

2025 మార్చిలో, ఫార్ములా వన్‌లో 2026 సీజన్ నుంచి పదకొండో జట్టుగా కాడిలాక్ ప్రవేశం ఖరారైంది. సొంత ఇంజను సిద్ధమయ్యేదాకా ఆ కారులో నడిచేది ఫెరారీ ఇంజను. ఇంకోవైపు, 3 లక్షల డాలర్లకు పైగా ధర పలికే సెలెస్టిక్ అనే విద్యుత్ కారును మిషిగన్‌లోని వారెన్ టెక్నికల్ సెంటర్‌లో చేత్తో, ఆర్డరు మీద, ఒక్కొక్కటిగా తయారు చేస్తున్నారు. దాని గురించి కంపెనీ గర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది: ఏ రెండు సెలెస్టిక్‌లూ ఒకేలా ఉండవట.